పామరుల గొంతు తెలిసిన పనివాడు

ఇంగ్లీషు ఆరాధన జరిగే చర్చిల్లో కానుక పట్టడం అయిపోగానే అందరూ లేచి నిలబడి పాడే నాలుగు పాదాల పాట ఒకటుంది. డాక్సాలజీ అంటారు. మాటలు పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు బిషప్పు టామస్ కెన్‌వి. వరుస అంతకు నూరేళ్లకు పైగా ముందటిది. పాటల పుస్తకాల్లో దాని పేరు ‘ఓల్డ్ హండ్రెడ్త్’. ఒక కీర్తన నంబరే దానికి పేరైపోయింది. ఆ వరుస కట్టినవాడిగా ఎక్కువమంది పండితులు ఒప్పుకునే లూయీ బుర్జువా, పుట మూలన సన్నటి అక్షరాల్లో మిగిలాడు.

1510 ప్రాంతంలో పారిస్‌లో పుట్టాడంటారు. 1545 నాటికి జెనీవాలో ఉన్నాడు. అది మతసంస్కర్త జాన్ కాల్విన్ చర్చి సంస్కరణలు ముమ్మరంగా సాగుతున్న కాలం. చర్చిలో ఆర్గన్ నోరు మూసింది. అంతవరకూ లాటిన్‌లో గాయక బృందాలు పాడుతుంటే జనం వినేవారు. ఇప్పుడు దావీదు కీర్తనలను సొంత భాష ఫ్రెంచిలో, ఒకే వరుసలో, అందరూ కలిసి పాడాలన్నది కాల్విన్ పట్టుదల. క్లెమెంట్ మారో, ఆయన తర్వాత థియొడోర్ బెజా కీర్తనలను ఛందోబద్ధం చేశారు. వాటిని ఎన్నడూ గొంతెత్తి పాడని జనం నోట పలికించే పని బుర్జువా మీద పడింది. పిల్లలకు పాట నేర్పడం కూడా ఆయన కొలువులో భాగమే.

ఈ పనికి ఆయన పెట్టుకున్న నియమాలు చూస్తే ముచ్చటేస్తుంది. అక్షరానికి ఒక్కటే స్వరం. గమకాలు, సాగదీతలు లేవు. కాలప్రమాణాలు రెండే, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మన ఛందస్సు చదివినవారికి చెప్పాలంటే గురువు, లఘువు, అంతే. ‘ఓల్డ్ హండ్రెడ్త్’ మూలరూపంలో ప్రతి పాదానికీ ఎనిమిది స్వరాలు: ముందు ఒక గురువు, తర్వాత నాలుగు లఘువులు, చివర మూడు గురువులు. వెరసి పన్నెండు మాత్రలు. నాలుగు పాదాలకూ ఇదే నడక. ఒక్క పాదం పట్టుబడితే మిగతా మూడింటి తాళం వచ్చేసినట్టే. పాదం మొదట్లో గురువు ఉండటంతో ఆలస్యంగా అందుకున్నవాడు కూడా గుంపులో కలిసిపోతాడు. చివరి మూడు గురువుల దగ్గర తొందరపడ్డవాడు దారికొస్తాడు.

ఇక స్వరాల సంగతి. శంకరాభరణం స్వరాలుగా అనుకుని పాడి చూడండి. మొదటి పాదం షడ్జం మీద నిలబడి, నాలుగు లఘువుల్లో మెట్టుమెట్టుగా మంద్ర పంచమం దాకా దిగిపోతుంది. అక్కడినుంచి ఒక్క గెంతులో షడ్జానికి వచ్చి, రిషభం మీదుగా గాంధారం చేరుతుంది. దిగడం లఘువుల్లో, ఎక్కడం గురువుల్లో. దిగేటప్పుడు గొంతుకు శ్రమ లేదు కాబట్టి వేగం, ఎక్కేటప్పుడు నిలదొక్కుకోవాలి కాబట్టి నిదానం. రెండో పాదం గాంధారాన్నే మూడుసార్లు పలుకుతుంది. కొత్తవాళ్లకు అది పెద్ద ఊరట. తర్వాత షడ్జానికి దిగి మధ్యమానికి గెంతుతుంది. మొదటి పాదంలో పంచమం నుంచి షడ్జానికి వేసిందీ ఇంత గెంతే. చెవికి అలవాటైన దూరాన్నే మరో చోట వేయించాడు. ఆ పాదాన్ని రిషభం మీద ఆపి, ఇంకా ఏదో రావాలన్న ఎదురుచూపు మిగిల్చాడు. మూడో పాదం షడ్జం చుట్టూ తిరిగి షడ్జానికే వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది నాలుగో పాదం మొదలు. అది పైనున్న పంచమం మీద మొదలవుతుంది. వరుస మొత్తంలో అంతకన్నా ఎత్తు స్వరం లేదు, అదీ ఒక్కసారే వస్తుంది. షడ్జం నుంచి పంచమానికి వేసే ఈ గెంతే పాటలో పెద్దది. దాన్ని పాదం మధ్యలో పెడితే సగం మంది తప్పుతారు. ఆయన రెండు పాదాల మధ్య పెట్టాడు. జనం ఆగి, ఊపిరి నింపుకుని, నోరు తెరిచేది సరిగ్గా అక్కడే. ఆ ఊపిరి మీదే ఆ పంచమం నిలుస్తుంది. తర్వాత దిగివచ్చి షడ్జంలో కలవడం సులువు.

మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం వరకు, అంటే మొత్తం ఒక్క స్థాయి. మన నవరోజు రాగం సంచారం కూడా సరిగ్గా ఈ హద్దుల్లోనే ఉంటుంది. లాలిపాటలకు ఆ రాగం అంతగా నప్పడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. తల్లి గొంతైనా, తాత గొంతైనా శ్రమపడకుండా అందుకోగలిగిన మేర అది. ఈ రెండు సంప్రదాయాలకూ ఏ సంబంధమూ లేదు. మామూలు మనిషి గొంతు మాత్రం ఎక్కడైనా ఒకటే.

జెనీవాలో ఆయన బతుకు ఇంత సాఫీగా సాగలేదు. మొదట్లో ఆదరణ బాగానే ఉంది. ఏ ఆదివారం ఏ కీర్తన పాడాలో తెలిపే అచ్చు పట్టికను చర్చిల్లో పెట్టాలని ఆయన 1546లో సూచిస్తే నగర మండలి ఒప్పుకుంది. మన చర్చిల్లో గోడకు వేలాడే కీర్తనల నంబర్ల బోర్డుకు మూలపురుషుల్లో ఆయనా ఒకరన్నమాట. 1547లో పౌరసత్వం ఇచ్చారు. తర్వాత జీతం కోశారు. మొరపెట్టుకుంటే, సంసారం పెరుగుతోందన్న జాలితో రెండు కొలతల ధాన్యం ఇచ్చి సరిపెట్టారు.

1551లో 83 కీర్తనల కూర్పు వెలువడింది. అందులో బుర్జువా కొన్ని పాత వరుసలను సరిదిద్దాడు, కొన్ని కొత్తవి కట్టాడు. ‘ఓల్డ్ హండ్రెడ్త్’ అప్పుడు 134వ కీర్తన వరుస. నేర్చుకున్న పాటలు తారుమారయ్యాయని జనం గొడవపెట్టారు. అనుమతి లేకుండా వరుసలు మార్చినందుకు డిసెంబర్ 3న ఆయన్ని జైల్లో పెట్టారు. కాల్విన్ కలగజేసుకోవడంతో మర్నాడు విడిచిపెట్టారు. ఆ మార్పులనే చివరికి మండలీ ఆమోదించింది.

ఆయనకు నాలుగు గొంతుల సమ్మేళనం మీద మోజు. జెనీవా చర్చిలో దానికి చోటులేదు. అందుకే 1547లోనే అలాంటి కూర్పులను లియాన్‌లో అచ్చువేయించుకున్నాడు. 1552లో జెనీవా వదిలేశాడు. 1561లో పారిస్‌లో ఒక పుస్తకం అచ్చయ్యాక ఆయన జాడ లేదు. మరుసటి ఏడే 150 కీర్తనల జెనీవా సంపుటి ఆయన లేకుండా పూర్తయింది. ఆ కీర్తనలకే నాలుగు గొంతుల సమ్మేళనాలు కూర్చి పేరు తెచ్చుకున్న క్లోద్ గూదిమెల్, 1572లో ప్రొటెస్టెంట్ల ఊచకోతలో లియాన్‌లో హతుడయ్యాడు.

జెనీవాలో తలదాచుకున్న విలియం కెత్ ఇంగ్లీషులో రాసిన నూరో కీర్తనకు 1561 నాటికి ఈ వరుస కుదిరింది. ఆ సంఖ్యే దానికి స్థిరపడింది. జర్మన్ స్వరకర్త బాక్ 1724లో కాంటాటా అనే ఒక చర్చి గానకృతికి దీన్నే ఆధారం చేసుకున్నాడు. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి ఇంగ్లీషు స్వరకర్త వాన్ విలియమ్స్ దీన్ని కొత్తగా తీర్చాడు. ఈ ప్రయాణంలో పోయింది మాత్రం నడక. ఒకప్పుడు ఇంగ్లండులో కొందరు ‘జెనీవా గెంతులు’ అని వెక్కిరించిన హుషారు వరుసలివి. రానురాను గురులఘువుల తేడా చెరిగిపోయింది. ఇవాళ చాలాచోట్ల ఎనిమిది స్వరాలనూ ఒకే కొలతతో ఈడ్చి పాడుతున్నాం. గంభీరంగా ఉంటుంది, కాదనను. కానీ బుర్జువా కట్టింది అది కాదు.

చర్చిలో కీబోర్డు వాయించేవారికీ, కాయర్ నడిపేవారికీ నాదొక మనవి. వచ్చే ఆదివారం సాధనలో ఒక్కసారి ఆ పాత నడకలో వాయించండి. మొదటి స్వరం గురువు, తర్వాత నాలుగు లఘువులు, ఆపైన మూడు గురువులు. పాదం చివర సభకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వండి. నాలుగో పాదం పంచమం అప్పుడు ఎలా పలుకుతుందో మీరే వినండి.