అపశ్రుతి: వినోదవనముల ప్రమాదవార్తలలో కర్తృపదము

తెలుగు పత్రికలు చదువు అలవాటు గలవారికి 'అపశ్రుతి' యను మాట రెండర్థములలో పరిచితము. సంగీతమున అది స్వరము తన స్థానమును తప్పుట. పత్రికలో అది చావు. రథోత్సవమున రథము ఒరిగి భక్తులు నలిగినను, పెండ్లిపందిరి కూలినను, తిరునాళ్లలో జెయింటు వీలు తొట్టి ఊడిపడినను శీర్షికలో తరచుగా కనబడునది ఈ మాటయే. దీనిని మొదట ఈ యర్థమున వాడిన విలేఖరి యెవరో కాని, భాష తెలిసినవాడే. సంతోషము నడుమ దుఃఖము చొరబడుటను ఒక్క పదమున పట్టినాడు. అయితే ఆ పదము తనతో మరియొక భావమును గూడ తెచ్చినది. అపశ్రుతి దొరలుట యనగా కచ్చేరి యంతయు చక్కగనే సాగుచున్నది, ఒక్క స్వరము మాత్రము తప్పినది యని. పాడినవాడెవడు, వీణను శ్రుతి చేయకయే వేదిక యెక్కించినవాడెవడు అను ప్రశ్నలకు ఆ వాక్యమున చోటు లేదు.

ప్రజలు ఎమ్యూజ్‌మెంటు పార్కులని పిలుచు వినోదవనములలో జరుగు మరణములను, ప్రమాదములను వార్తలు చెప్పు తీరును ఈ వ్యాసమున విచారింపదలచితిమి. తెలుగుశాఖ వారి పత్రికకు ఈ విషయము తగునా యని కొందరు శంకింపవచ్చును. వార్త వాక్యములతో ఏర్పడినది. వాక్యమునకు కర్త యెవరని యడుగుట మా నిత్యకృత్యము. ఇంతకు మించిన సమాధానము మాకడ లేదు.

ఒకమారు మా విద్యార్థులకు ఇట్టి వార్తలు కొన్ని యిచ్చి కర్తృపదముల క్రింద గీతలు గీయుడని చెప్పితిమి. పట్టా తప్పినది, గొలుసు తెగినది, తెప్ప తిరగబడినది, సాంకేతిక లోపము తలయెత్తినది. అన్నియు అకర్మకములే. ఒక వార్త మొత్తమున ఒక విద్యార్థికి దొరికిన సకర్మక క్రియ 'కబళించినది'; దాని కర్త మృత్యువు. 2025 జనవరిలో హైదరాబాదు నుమాయిష్‌లో ఒక రైడు నడుమ నిలిచిపోయి అందులోనివారు కొంతసేపు తలక్రిందుగా వ్రేలాడిరి. ప్రాణనష్టము లేదు. అప్పుడును లోపము 'తలయెత్తినది' యనియే పలువురు చెప్పుకొనిరి. తలయెత్తుట పాము చేయు పని. అంతవరకు అది యే పుట్టలో తల వంచుకొని యున్నదో, ఆ పుట్టను చూడవలసినవారెవరో ఆ క్రియ చెప్పదు.

ఇట వ్యాకరణము కొంత అవసరము. క్రియలో స్వతంత్రుడైనవానిని పాణిని కర్త యనెను. ఆ స్వతంత్రుని ప్రేరేపించువానికి హేతువని పేరు పెట్టి, వానికిని కర్తృత్వము కలదనెను. తెలుగున 'వండు' నుండి 'వండించు' ఏర్పడుట ఈ సంబంధమును చెప్పుటకే. వండినవాడు ప్రయోజ్యకర్త, వండించినవాడు ప్రయోజకకర్త. ప్రమాదవార్త మొదటిదినమున కర్తలేని వాక్యముగా పుట్టును. కొన్నినాళ్లకు అందు ప్రయోజ్యకర్త ప్రవేశించును; అతడు సాధారణముగా మీట వద్ద నిలుచున్న చిన్న యుద్యోగి. ప్రయోజకకర్త కనబడుసరికి ఏండ్లు గడచును, చదువరి వేరొక వార్తకు మరలియుండును. మేము చూచినంతవరకు పెద్ద ప్రమాదముల వార్తలు ఈ క్రమమును తప్పుట అరుదు.

ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్టున డ్రీమ్‌వరల్డ్ అను వినోదవనము కలదు. అందు 'థండర్ రివర్ రాపిడ్స్' అను రైడు 1986 నుండి నడచినది. గుండ్రని తెప్పలలో జనులు కృత్రిమమైన యేటిపై తేలి వచ్చి, తుదకు ఒక కన్వేయరు మీదుగా దిగుచోటికి చేరుదురు. భయపెట్టు రైడు కాదు. పిల్లలతో వచ్చినవారు ఎక్కునది. 2016 అక్టోబరు 25న నీటిని తోడు పెద్ద పంపులలో ఒకటి ఆగిపోయినది. నీటిమట్టము తగ్గి ఒక తెప్ప కన్వేయరు చివర కమ్ములపై చిక్కుకొన్నది. వెనుకనుండి ఆరుగురితో వచ్చిన తెప్ప దానిని గ్రుద్దుకొని నిలువుగా లేచినది. నలుగురు పెద్దలు మరణించిరి. ఇద్దరు పిల్లలు బ్రదికిరి.

మొదటి వార్తలలో తెప్ప తిరగబడినది, పంపు ఆగినది. రెండు దినములకు సంస్థ వాటాదారుల సమావేశము జరిగినది. అధికారిణికి ముట్టవలసిన బోనసు పెద్ద వార్తయైనది. ఇట పత్రికలకు ఒక కర్త దొరికినమాట నిజమే. కాని ఆ కర్తకు అంటగట్టిన క్రియ ప్రమాదము కాదు, బోనసు. కోపమునకు మనిషి దొరికినంత మాత్రమున వాక్యము పూర్తియైనదనుకొనుట పొరపాటు.

అసలు వాక్యమును 2020 ఫిబ్రవరిలో కారొనరు అను మరణ విచారణాధికారి వ్రాసెను. ఆ పంపు ఆ దినమున అంతకుముందే రెండుమార్లు ఆగియుండెను. నీరు తగ్గినచో రైడు తనంతట ఆగు ఏర్పాటు లేదు. ముప్పది యేండ్లలో అర్హుడైన ఇంజనీరుచేత సమగ్రమైన ప్రమాదపరీక్ష జరుగలేదు. 2001లోను, 2014లోను తెప్పలు ఒకదానినొకటి ఢీకొన్న సంఘటనలు కలవు. దిగుచోట నిలిచిన యువతి ఆ రైడు పనిని నేర్చినది ఆ యుదయముననే. ఆమె చేతికందు దూరమున కన్వేయరును వెంటనే ఆపు మీట యున్నది. ఆ మీటను పట్టించుకొనవలదని తనకు చెప్పిరని ఆమె విచారణలో చెప్పినది. 'ఆమె ఆపలేదు' అనునది ప్రయోజ్యవాక్యము. 'ఆమెను ఆపనీయలేదు' అనునది ప్రయోజకవాక్యము. ఈ రెంటికి నడుమ ఒక్క ప్రత్యయమున్నది, మూడేండ్ల నాలుగు నెలల కాలమున్నది. 2020 సెప్టెంబరులో ఆ వనమును నడుపు సంస్థకు 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడినది.

ఈ వరుస చూచినప్పుడు మాకు భారతము ఆనుశాసనికపర్వములోని గౌతమి కథ స్మరణకు వచ్చినది. కొడుకు పాము కాటున చనిపోగా ఒక బోయ ఆ పామును పట్టి తెచ్చును. పాము నేరమును మృత్యువు మీదికి, మృత్యువు కాలుని మీదికి నెట్టుదురు. కాలుడు ఆ బాలుని కర్మమును చూపును. ప్రయోజకకర్తలను వెదకుచు పోవు కథ యిది. తత్త్వమునకు ఆ ముగింపు తగియున్నది. కాని మన పత్రికలు పామును దాటి ఒక్క గంతున కాలుని చేరుకొనుచున్నవి, విధి వక్రించినదనుచున్నవి. నడుమ నున్న మెట్లలో సంస్థ కార్యాలయ మొకటి కలదు.

బ్రిటనులోని ఆల్టన్ టవర్సులో 2015 జూన్ 2న జరిగినది మరణవార్త కాదు. అయినను వార్తారచనకు మంచి ఉదాహరణము. 'ది స్మైలర్' అను రోలర్ కోస్టరుపై 16 మందితో పోవుచున్న బండి, పట్టాపై నిలిచియున్న ఖాళీబండిని ఢీకొన్నది. ఇద్దరు యువతులు ఒక్కొక్క కాలు కోల్పోయిరి. ముందు బండి యున్నదని కంప్యూటరు ఆపగా, అక్కడ బండి లేదనుకొని ఇంజనీర్లు దానిని త్రోసిరాజనిరి. సంస్థ తన విచారణ ముగించి 'మానవ తప్పిదము' అని ప్రకటించినది. ఆ మాట పత్రికలలో వ్యాపించినది. చూచుటకు ఇది కర్త గల వాక్యమే. కాని 2016 సెప్టెంబరులో 50 లక్షల పౌన్ల జరిమానా విధించిన న్యాయాధిపతి, కారణము మానవ తప్పిదము కాదని, పనికి సరియైన పద్ధతినే సంస్థ యేర్పరుపలేదని స్పష్టముగ చెప్పెను. ఆ తాకిడి గంటకు 90 మైళ్ల వేగముతో వచ్చు కారు తాకిడి వంటిదని కోర్టులో చెప్పబడిన పోలిక బహుళప్రచారము పొందినది. సహాయమునకు మొదటి ఫోను పోవుటకు 17 నిమిషములు పట్టినదని అదే కోర్టులో తేలినది. ఈ సంఖ్యకు అంత ప్రచారము లేదు. తొంబది మైళ్లు గుండెను తాకును. పదునేడు నిమిషములు ఒక కార్యాలయమును తాకును.

ఆ రైడుకు 14 తలక్రిందు మలుపులు, అది ప్రపంచములో మొదటి స్థానము. ఈ సంఖ్య సంస్థ ప్రకటనలలోనిది. ప్రమాదవార్తలలో తిరిగి కనబడినది. ఇట రసవిచారము చేయక తప్పదు. భయానకమునకు భయము స్థాయి. లోకములోని భయము పరుగెత్తించును. కావ్యములోని భయము కూర్చుండబెట్టును, ఏలయన సహృదయునకు అది తనదని గాని పరులదని గాని తోచదు. వినోదవనము ఈ రెంటి నడుమ అంగడి పెట్టినది. శరీరము నిజముగా పడును, మనస్సు పడలేదని నమ్మును. ఆ నమ్మకమునకే టిక్కెట్టు. ప్రమాదమున ఆ నమ్మకము చెడి భయము తిరిగి లౌకికమగును. అప్పుడు పత్రిక వచ్చి ఎత్తును, వేగమును, కేకలను వర్ణించి, ఇంట కూర్చున్న చదువరికి ఆ భయమును మరల ఆస్వాద్యముగ చేయును. వనము విడిచిన వ్యాపారమును వార్త అందుకొన్నట్లయినది. శోకము అందు చోటు దొరకక నిలుచుండును.

అమెరికాలోని కాన్సాస్ సిటీ ఉదంతము దీని పరాకాష్ఠ. అక్కడి ష్లిట్టర్‌బాన్ జలవనములో 2014లో తెరచిన 'ఫెర్రుక్ట్' 168 అడుగులకు పైబడిన నీటి జారుడు. ప్రపంచమున అన్నిటికంటె ఎత్తైనదని గిన్నిస్ వారి గుర్తింపు పొందినది. జర్మను భాషలో ఆ పేరునకు పిచ్చి యని యర్థము. దాని నిర్మాణమును ఒక టెలివిజను కార్యక్రమము వేడుకగ చూపినది. 2016 ఆగస్టు 7న ఆ జారుడుపై పదేండ్ల బాలుడు మరణించెను. 2018లో గ్రాండ్ జ్యూరీ సంస్థపైనను, దానికి సంబంధించినవారిపైనను నేరారోపణ చేసెను. 2019 ఫిబ్రవరిలో న్యాయాధిపతి ఆ యారోపణను కొట్టివైచెను. గ్రాండ్ జ్యూరీకి చూపిన సాక్ష్యములో ఆ టెలివిజను కార్యక్రమపు దృశ్యములు గూడ నుండుటయు, అవి వినోదమునకై నాటకీయముగ తీర్చినవి యగుటయు అందుకు చెప్పిన కారణములలో నొకటి. భయమును అమ్ముటకు తీసిన చిత్రమే సాక్ష్యమై వచ్చి, తుదకు వాదమును చెరచినది. వర్ణన వలన కలుగు హాని పాఠకుని అభిరుచితో ఆగదనుటకు మాకింతకంటె బలమైన నిదర్శనము కనబడలేదు.

మొదటిదినమున విలేఖరికి ఏమి తెలియునని, ఎవరినైన పేర్కొన్నచో పరువునష్టము వ్యాజ్యము రాదా యని ఆక్షేపణ రావచ్చును. ఇది న్యాయమైన యాక్షేపణయే. రాత్రి పది గంటలకు పుట నింపవలసినవాని కష్టము మా వంటి పాఠశాలవారికి తెలియదు. కాని కర్తను పేర్కొనుట వేరు, కర్తస్థానము ఖాళీగ నున్నదని చూపుట వేరు. రెండవదానికి ప్రశ్నార్థకము చాలును. అనుమతి యిచ్చినదెవరు? పరీక్షించినదెప్పుడు? 2019 జూలై 14న అహమ్మదాబాదు కాంకరియాలో పెద్ద ఊయల రైడు నడుమ విరిగిపడి ఇద్దరు మరణించిరి. చూచుచున్నవారు సెల్‌ఫోనులో తీసిన దృశ్యము దేశమంతట తిరిగినది. తిరిగినన్నిమార్లు ఊయల విరిగినది. విరుగనిచ్చినవారు ఒక్కమారును తెరపైకి రాలేదు. చిత్రమున ప్రశ్నార్థకము లేదు. అది వాక్యమునకే కలదు.

ఆ రాష్ట్రమునందే, 2024 మే 25న, రాజ్‌కోటలోని టీఆర్‌పీ గేమ్ జోన్ అను వినోదశాలలో మంటలు చెలరేగి పిల్లలతో సహా 27 మంది మరణించిరి. మరునాటి పత్రికలలో మంటలు, రోదనములు ఉండనే యున్నవి. కాని వానితో పాటు మరియొక విధమైన వాక్యములు వచ్చినవి: అగ్నిమాపకశాఖ అనుమతి లేదు, కట్టడపు నియమములలోని సందులను నిర్వాహకులు వాడుకొనిరి. మరునాడు ఆదివారము. అయినను గుజరాత్ ఉన్నత న్యాయస్థానము తనంతట ఆ విషయమును విచారణకు చేపట్టినది. పత్రికలలోని ఆ వార్తలనే పేర్కొని, చూడగా ఇది మానవులు కల్పించిన విపత్తని వ్యాఖ్యానించినది. ఆ మానవులెవరని నగరపాలక సంస్థను అడుగుట ఆ వారముననే మొదలైనది.