అజిత్రో రాయకుండా పంపడం

ఫార్మకాలజీ క్లాసులో కేసు ఇచ్చారంటే ఏదో ఒక మందు రాయాల్సిందేనని సెకండియర్ పిల్లల నమ్మకం. అందుకే మధ్యలో ఒక జలుబు కేసు కావాలనే పెడతాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు, రెండు రోజులుగా ముక్కు కారుతోంది, కాస్త దగ్గు, జ్వరం లేదు. పది నిమిషాలు కాకముందే బోర్డు మీద అజిత్రోమైసిన్ 500, మూడు రోజులు. ఎందుకమ్మా అంటే, ‘సెకండరీ ఇన్ఫెక్షన్ రాకుండా, మేడమ్!’ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును ఆచితూచి వాడాల్సిన గుంపులో పెట్టిందని పరీక్షలో అడిగితే గడగడా చెప్పగలరు. చీటీ రాసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగదు.

ముందు సమస్య, తర్వాత పాఠం అనే ఈ పద్ధతికి 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం దారి వేసింది. మందు ఎంపికకు మాత్రం నేను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994 నాటి గైడునే పట్టుకుంటాను. మందు పనిచేస్తుందా, ప్రమాదం లేదా, ఈ రోగికి నప్పుతుందా, ఖరీదెంత?

ఆ మూడో ప్రశ్న దగ్గరే క్లాసు వేడెక్కుతుంది. ఇంకో కేసులో, మూత్రంలో మంటతో వచ్చిన గర్భిణికి అయిదో నెల అని నేనిచ్చే మొదటి కాగితంలో ఉంటుంది. నైట్రోఫ్యూరాంటాయిన్ రాస్తారు, బాగానే ఉంది. రెండో కాగితంలో ఆమెకు నెలలు నిండుతాయి. పుస్తకాలు తిరగేస్తారు. కాన్పు దగ్గరపడ్డాక ఈ మందు వాడితే పుట్టే బిడ్డ ఎర్ర రక్తకణాలు చితికిపోవచ్చని ఎవరో పట్టుకుంటారు. సెఫలెక్సిన్‌కు మారతారు. ‘అసలు కల్చర్‌కు పంపామా?’ అని వెనక నుంచి ఒకమ్మాయి. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటాను.

జలుబు కేసుకు చివర్లో చిన్న నాటకం. ఒకడు రోగి, ఒకమ్మాయి డాక్టరు.

‘సూదన్నా వెయ్యండి మేడమ్, రేపు పనికి పోవాలె. మా ఊరి ఆరెంపీ అయితే ఈపాటికి వేసేటోడు.’

అందరూ నవ్వుతారు. డాక్టరమ్మ నోట మాట రాదు. దగ్గు ఇంకో వారం ఉండొచ్చని, జ్వరం వచ్చి తగ్గకపోయినా ఆయాసం వచ్చినా వెంటనే రమ్మని చెప్పడం ఆమెకు డోసు లెక్క కట్టడం కంటే కష్టం.

ప్రాక్టికల్ పరీక్షలో ఇలాంటి కేసొకటి పెడదామని మా డిపార్ట్‌మెంటులో అడిగాను. ‘మందే రాయకపోతే మార్కులు దేనికి వెయ్యాలండీ?’ అన్నారు ఒక పెద్దాయన. రోగికి ఏం చెప్పి పంపారో దానికి వేద్దామన్నాను. ఇంకా తేలలేదు.