సెలయేటి సవ్వడి: ఇంపును, సాక్ష్యమును

సెలయేటి గలగల మన కావ్యములకు క్రొత్త కాదు. కాని యిటీవల కొందరు కళావేత్తలు దానిని వర్ణించుట మాని, యంత్రముతో గ్రహించి, శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో కళాకృతిగా వినిపించుచున్నారు. ఇట్టి కృతుల గుణమును చెవికింపును మాత్రము బట్టి నిర్ణయింపరాదని మా యభిప్రాయము.

కారణము సులభము. రాళ్ళమీద దూకునపుడు నీటిలో చిక్కుకొను గాలిబుడగలు కంపించుటచేతనే యేటి గలగల పుట్టును. బుడగ చిన్నదైనకొలది స్వరము హెచ్చగునని 1933లో మిన్నార్ట్ అను విజ్ఞానవేత్త లెక్కగట్టి చూపెను. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధముగల బుడగ సెకనుకు సుమారు 3,000 మారులు కంపించును. ఈ బుడగలు చేపలు గల యేటిలోను పాడును; విషము కలిసి చేపలు చచ్చిన యేటిలోను పాడును. కావున గలగల యేటి యారోగ్యమునకు సాక్ష్యము గాదు.

1982లో ఆనియా లాక్‌వుడ్ అను విదుషి రచించిన 'హడ్సన్ నది ధ్వనిపటము'ను చూడుడు. అమెరికాలోని ఎడిరాండాక్ కొండలలో నొక చిన్న సరస్సు మొదలు సముద్రమువరకు ఆమె నదివెంట ధ్వనులను సేకరించెను. ఏ ధ్వని యెచ్చటిదో పటమున దెలిపెను. నదితో బ్రతుకు ముడివడినవారి మాటలను జేర్చెను. ఇది మెచ్చదగిన నిజాయితీ. అయినను, పి.సి.బి. లనబడు విషరసాయనములు చేపలలో జేరుటచే, 1976లోనే ఆ నదిలో హడ్సన్ ఫాల్స్ మొదలు ట్రాయ్ వరకు చేపలు పట్టుట నిషిద్ధమై యుండెను. బురదలోని యా విషమునకు ధ్వని లేదు. ఎంత నేర్పుగల చెవియైనను దానిని విననేరదు. అది ప్రయోగశాలలోనే తేలవలెను.

అందుచేతనే శాస్త్రజ్ఞుని తోడు అలంకారము గాక యవసరమగుచున్నది. 2014లో లియా బార్‌క్లే ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయపు నదీపరిశోధకులతో గూడి 'రివర్ లిజనింగ్' అను కార్యమును ఆరంభించెను. హైడ్రోఫోను, అనగా నీటిలో ముంచి వినెడి మైకు, సవ్వడిచేయు చేపల యునికిని, జలకీటకముల యునికిని, వలవేసి బాధింపకయే రేయుంబవళ్ళు దెలుపగలదు. ఒకే ధ్వనిముద్రణ లెక్కకును రసమునకును పనికివచ్చుట యిందలి విశేషము.

అయితే యొక ప్రమాదము గలదు. వడిగల కొండవాగులో నీటిరొద పురుగుల సన్నని ధ్వనిని కప్పివేయును. ఇంపైన భాగములనే యేరి, నిశ్శబ్దమైన మడుగులను విడిచిపెట్టుటకు కళావేత్తకు ఆశ పుట్టును. అట్లు చేసినచో రోగి మొగమునకు రంగు పూసి ఆరోగ్యవంతుడని చూపినట్లగును. మూగపోయిన మడుగును గూడ, అది యెచ్చటిదో, యెప్పటిదో, పరీక్షలో నేమి తేలెనో చెప్పి వినిపించు కృతియే మాకు ఉత్తమము. చదువరులు తమ పిల్లలకు ఇట్టివి వినిపించునపుడు, 'ఎంత బాగున్నది!' అనుటతో నూరకుండక, 'ఈ నీటిలో నేమేమి బ్రతికి యున్నవి?' అని యడుగ నేర్పుదురుగాక.