సీతాప్రత్యుత్తరము: జాతివ్యక్తివిచారము

భద్రాచలసమీపముననున్న పర్ణశాలను జనులు సీతాహరణస్థానముగాఁ జెప్పుకొందురు. వాల్మీకి యరణ్యకాండమున మారీచుని యార్తనాదము విన్న సీత లక్ష్మణునితోఁ బరుషముగాఁ బలుకును. అతఁడు కోపించి, యిది స్త్రీస్వభావమే యనును. యుద్ధకాండమున రాముఁడు వానరరాక్షససమక్షమున సీతను నిరాకరించుచు నంతకంటెఁ బరుషముగాఁ బలుకును. అది పురుషస్వభావమని కావ్యమున నెవ్వరు ననరు. పలికినది స్త్రీయైనచో దోషము జాతికిఁ జెందును. పురుషుఁడైనచో వ్యక్తితోఁ దీఱును.

శబ్దార్థము జాతియని వాజప్యాయనుఁడును, ద్రవ్యమని వ్యాడియు వాదించిరి. సీత ప్రత్యుత్తర మీ విచారమునే స్ఫురింపఁజేయుచున్నది. నీచస్త్రీల నడవడిఁ జూచి స్త్రీజాతినెల్ల శంకింపరాదని యామె వాదము. రాముని నిందించునపుడు మాత్ర మాతని ప్రాకృతునితోఁ బోల్చునే కాని పురుషజాతిపై దోష మారోపింపదు. కోపమునందును న్యాయము తప్పని వాక్యమిది.

రాముఁడు జనాపవాదభయమునఁ బలికెననుట సమాధానమే. అది హేతువును జెప్పును గాని పరుషత్వమును మాన్పదు. అధ్యాత్మరామాయణమున మాయాసీతాకల్పనచే నాయకునకుఁ గొంత దోషపరిహారము గలిగెను. అచట రాముఁ డవాచ్యములు పలికెనన్న మాట నిలిచినది. సీత ప్రత్యుత్తరము మాత్రము తొలఁగినది. నష్టము కావ్యమునకే.

వాల్మీకి రాముఁ డా నిందయందు రావణాంకమును బేర్కొనెను. భద్రాద్రి గర్భాలయమున సీత రాముని వామాంకమునఁ గూర్చున్నది. కావ్యమెఱిఁగి దర్శించువారి కా మూర్తియే యా మాటకుఁ బ్రత్యుత్తరముగాఁ దోఁపకమానదు.