లింకన్ వారసత్వం: ప్రసంగం, శాసనం
లింకన్ పేరు వినగానే స్ఫురించేది 1863 నవంబరు 19 నాటి గెటీస్‌బర్గ్ ప్రసంగం. అందులో ‘బానిసత్వం’ అన్న మాటే లేదు. అదే ఏడాది జనవరి 1న వెలువడిన విమోచన ప్రకటన వచనమో, దస్తావేజులా పొడిగా ఉంటుంది. తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితమై, యూనియన్ పక్షాన నిలిచిన బానిస రాష్ట్రాలను తాకలేదు. ఆ లోటు తీర్చడానికే పదమూడవ రాజ్యాంగ సవరణ అవసరమైంది. 1865 ఫిబ్రవరి 1న, చట్టరీత్యా అక్కర లేకపోయినా, లింకన్ ఆ తీర్మానంపై సంతకం చేశాడు. ఏప్రిల్ 14న తూటాకు గురై మరునాడు మరణించాడు. సవరణకు రాష్ట్రాల ఆమోదం డిసెంబరులో పూర్తయింది.

ప్రసంగశైలిని విశ్లేషించినంత శ్రద్ధతో ఈ సవరణ వాక్యాన్నీ చదవాలి. నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండరాదన్నది దాని సారం. ఆ ‘తప్ప’ ఆసరాతోనే దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి ఖైదీలను తోటలకు, గనులకు కిరాయికిచ్చాయి. ఆ మినహాయింపు నేటికీ సవరణలో అలాగే ఉంది.