పిడుగుకీ గాలికీ ఒకే మంత్రమా?

ఏప్రిల్ సగం దాటిందంటే హైదరాబాద్ శివారు నాదర్‌గుల్‌లో సాయంత్రాలను నమ్మడానికి లేదు. మధ్యాహ్నం దాకా మాడు పగిలే ఎండ. నాలుగు దాటేసరికి మబ్బు కమ్ముకొస్తుంది. ముందు దుమ్ము, దాని వెనకే గాలి, ఆ తరవాత టపటపమని పెద్ద చినుకులు. అరగంటలో అంతా సద్దుమణిగిపోతుంది. మర్నాడు పొద్దున గల్లీలో ఎవరిని పలకరించినా ఒకటే మాట: "మా చెట్టు మీద పిడుగు పడ్డది." అందరి మాటా నమ్మితే ఒక్క రాత్రిలో మా వెంచర్‌లో ఇంటికో పిడుగు దిగి ఉండాలి.

అందులో చాలావరకు గాలి పనే. కొంత కరెంటు తీగల పని, కొంత చెదల పని. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమని ఊరికే అనలేదు పెద్దలు. చెట్టుకు ఏమైనా సరే, పేరు మాత్రం పిడుగుదే. పేరులో ఏముందిలే అని ఊరుకోవచ్చు. కానీ ఆ పేరును బట్టే గొడ్డలి లేస్తుంది. పిడుగు పడిందనుకున్న చెట్టును అరిష్టమని ఆ వారమే కొట్టించేస్తారు. గాలికి వేరు కదిలి పక్కకు ఒరిగిన చెట్టుకేమో తాడు కట్టి, కర్ర ఊతం పెట్టి, దాని కిందే స్కూటర్ నిలబెడతారు. చేయాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ గాలివాన మర్నాడు చెట్లు చూసుకుంటూ తిరగడం నాకు అలవాటైంది. ఇందులో పెద్ద చదువేం లేదు. చూపు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు సంగతి. అందరూ విరిగిన చోటు వైపు తలెత్తి చూస్తారు. నేను ముందు నేల చూస్తాను.

గాలి పడగొట్టినవన్నీ దాదాపు ఒకే దిక్కున పడి ఉంటాయి. ఎదురింటి రేకు, మూలమీది ఫ్లెక్సీ, మునగకొమ్మ, అన్నీ. విరిగిన కొమ్మకు ఆకులు పచ్చగానే ఉంటాయి, అంచులు చిరిగి ఉంటాయి. ఆ తరవాత విరిగిన చోటు చూస్తే, అది ఎప్పుడూ బలహీనమైన చోటే. రెండు కొమ్మలు ఇరుకుగా ఆనుకుని లేచిన పంగలో బెరడు లోపలికి మడతపడి ఉంటుంది, అక్కడ కట్టెకు కట్టె అతుక్కోదు. లేదంటే ఎప్పుడో మొరటుగా నరికి వదిలేసిన మోడు నుంచి కుళ్లు లోపలికి పాకి ఉంటుంది. పై వైపు పీచులు పొడుగ్గా లాగేసినట్టు, కింది వైపు నలిగినట్టు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. గాలి కొత్త లోపం పుట్టించదు, ఉన్న లోపాన్ని బయటపెడుతుంది.

మా వైపు నేలకు ఇంకో గుణం ఉంది. పైన ఎర్ర చల్క, కాస్త లోతుకు పోగానే మొరం, దాని కింద రాయి. ప్లాటు కొన్నవాళ్లు మొరంలో గుంత తవ్వించి, నల్లమట్టి పోసి మామిడి పెడతారు. వేరు ఆ మెత్తటి మట్టి దాటి మొరంలోకి పోలేక, కుండీలో మొక్కలా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. పదేళ్లకు చెట్టు ఏపుగా పెరుగుతుంది, గొడుగు పట్టినంత నీడ ఇస్తుంది, కింద పట్టు మాత్రం గుంత అంతే. అదే సమయంలో మోరీ కోసమో పైపులైను కోసమో రోడ్డు వైపు కందకం తవ్వి వేర్లు తెగ్గొడతారు. రెండు మూడేళ్ల తరవాత వచ్చిన దుమారానికి చెట్టు పడిపోతే, కందకం సంగతి ఎవరికీ గుర్తుండదు. పడిన చెట్టు అడుగు చూడండి: వేర్ల కొసలు పాత కోతలైతే నల్లబడి, నున్నగా ఉంటాయి. రాత్రి తెగినవైతే తెల్లగా, పీచుపీచుగా ఉంటాయి.

ఇక అసలు పిడుగు. మా వెనక వీధిలో ఒక వేపచెట్టు మీద దాన్ని దగ్గరగా చూశాను. కొమ్మ ఒక్కటీ విరగలేదు. పై పంగ కొంచెం కింద మొదలై, మానును సగం చుట్టు చుట్టి, మోకాలెత్తు దాకా రెండు వేళ్ల వెడల్పున బెరడు లేచిపోయింది. కట్టె పీచు ఎటు మెలి తిరిగితే గీత అటే తిరిగింది. లోపలి కట్టె పాలిపోయి, తడిగా, శుభ్రంగా ఉంది. మసి లేదు, బొగ్గు లేదు. లేచిపోయిన బెరడు ముక్కలు కొన్ని చెట్టు మొదట్లో ఉన్నాయి, కొన్ని గోడ అవతల, కొన్ని గాలి వచ్చిన దిక్కున ఉన్న మిద్దె మీద. గాలి తన ఎదురుదిక్కుకు బెరడు విసరదు కదా. మొదలు దగ్గర నేలలో సన్నటి చీలిక ఒకటి వేరు వెంట కొంత దూరం పోయింది.

ఆ ఇంటి అవ్వకు మాత్రం అది పిడుగంటే నమ్మకం కలగలేదు. "పిడుగైతే కాలాలె గద బిడ్డా, ఇది ఏడ గాలింది? ఎవడో గొడ్డలితోని గీకిండు" అంది. అదే ఇంటి ముందు, తీగలకు తగిలి ఆకులు మాడిన బాదం చెట్టును చూపించి, "పిడుగంటే గిదీ" అంది. ఆ మాడిన చోటు సరిగ్గా తీగల ఎత్తులోనే ఉంది, పైనా కిందా ఆకు పచ్చగానే ఉంది. మాడిన చోటల్లా పిడుగును వెతకడం, మాడని చోట పిడుగును కాదనడం, రెండూ మనవాళ్లకు అలవాటే.

ఎందుకు కాలదంటే, దానికంత తీరిక ఉండదు కాబట్టి. మన ఇంట్లో గీజరు ప్లగ్గు 15 ఆంపియర్లది. మామూలు పిడుగులో 30 వేల ఆంపియర్ల దాకా విద్యుత్తు పోతుంది, అదీ సెకనులో వెయ్యో వంతుల లెక్కన. అది పోయే దారిలో గాలి వేడెక్కేది సూర్యుడి ఉపరితలానికి అయిదు రెట్లు. బెరడు కింది తడి పొర ఆ క్షణంలోనే ఆవిరై, బయటికి తన్నుకొచ్చి బెరడును పేల్చేస్తుంది. కట్టె అంటుకునేలోపే అంతా అయిపోతుంది. ఎండుమట్టలూ పీచూ ఉన్న తాటి, కొబ్బరి తలలు మాత్రం భగ్గున మండుతాయి. మన ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ అవే, అందుకే పిడుగంటే మంట అని మనసులో ముద్రపడిపోయింది.

కొబ్బరిచెట్టు సంగతి వేరుగా చెప్పాలి. దానికి ఊడిపోయే బెరడు లేదు. పిడుగు పడ్డ మర్నాడు అది బాగానే కనిపించొచ్చు. కొన్నాళ్లకు మట్టలు వేలాడి మానుకు అతుక్కుంటాయి, మాను మీద అక్కడక్కడ ఎర్రటి రసం కారుతుంది, చివరికి మొవ్వు వాలిపోతుంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మామిడిలా ఇంకో చోట చిగురించడం దానికి చేతకాదు. రసం కారడం తెగులు వల్ల కూడా ఉంటుంది. కాకపోతే తెగులు ఎక్కువగా మాను కింది భాగంలో మొదలై నెలల తరబడి పైకి పాకుతుంది. పిడుగుకు అంత ఓపిక లేదు, పైగా పక్కనున్న రెండు మూడు చెట్లనూ కలిపి తీసుకుపోతుంది. ఒకే చోట గుంపుగా వాడిన కొబ్బరిచెట్లు కనిపిస్తే పిడుగును అనుమానించాలి.

పెద్ద లెక్కలో చూస్తే గాలికీ పిడుగుకీ ఉన్న తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్కసారి నేలకూలాయి. మొదటి అంచనాల్లోనే 50 వేల లెక్క వినిపించింది. సుడిగాలి తిప్పికొట్టిందా, మబ్బులోంచి కిందికి దూకిన గాలి నేలను తాకి విసిరిందా అని చర్చ నడిచింది. ఆ చర్చ తేల్చేది కూడా పడి ఉన్న తీరే: కిందికి దూకిన గాలైతే చెట్లు విసనకర్రలా పరుచుకుని పడతాయి, సుడిగాలైతే ఒకదానిమీదొకటి అడ్డదిడ్డంగా పడతాయి. ఎలాగైనా అది గాలే. దీనికి ఎదురుగా 2018 ఏప్రిల్ చివరి వారంలో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ప్రాణాలు పోయాయి, కానీ అడవులు పడుకోలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2017లో పెద్ద ఊడకొమ్మ కూలితే, అందులో గాలీ పిడుగూ కాదు, చెదలు. 2018లో దానికి సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

పిడుగు తగిలిన చెట్టుకు నేను చెప్పే వైద్యం ఒక్కటే: ఆగండి. వేలాడే కొమ్మ ఉంటే తీయించండి, ఎండాకాలం నీళ్లు పెట్టండి, ఎరువు జోలికి పోకండి. ఒక వానాకాలం గడిస్తే తేలిపోతుంది. బతికే చెట్టైతే గాయం అంచుల నుంచి కొత్త బెరడు ఉబ్బి లోపలికి మూసుకొస్తుంది. వేరు లేచిన పెద్ద చెట్టుకు మాత్రం ఆగకూడదు. మొదలు దగ్గర ఒక వైపు మట్టి పగిలి ఉబ్బితే, తరవాతి గాలిదాకా కూడా అక్కర్లేదు, నేల నానితే చాలు. మనిషెత్తు మొక్కైతే నిలబెట్టి కట్టొచ్చు, ఇంటి కప్పు దాటిన చెట్టుతో ఆ ఆట వద్దు.

అరిష్టం మాట ఈనాటిది కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో పనికిరాని చెట్ల జాబితాలో పిడుగు పడ్డదాన్నీ గాలికి విరిగినదాన్నీ పక్కపక్కనే చేర్చాడు. కట్టెల వ్యాపారులు ఆ పుస్తకం చదవకపోయినా సారం పట్టారు. వేపచెట్టు కబురు తెలిసి ఒకాయన ట్రాలీ ఆటోతో సహా దిగాడు. "పిడుగు పడ్డ కట్టె ఇంట్ల వాడరు సార్, పొయ్యిలకు గూడ ఎవ్వరు కొనరు, మీ మీద గౌరవంతోని ఉత్తగనే కొట్కపోత" అన్నాడు. అవ్వ వింటూనే ఉంది. "అది పిడుగు గాదు, గొడ్డలి గీత" అని అతన్ని పంపించేసింది. నేను ఆ పూట ఆమె మాట కాదనలేదు.