లైటు ఎంతవరకు చెబుతుంది

నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్లకు తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది. "అన్నా, లైటు పచ్చగానే వెలుగుతోంది, నెట్ మాత్రం రావట్లేదు." చెప్పే కుర్రాడి గొంతులో ఆ లైటు మీద కాస్త కోపం కూడా ఉంటుంది, అది అబద్ధమాడినట్టు. నేనెప్పుడూ లైటు పక్షమే. ల్యాన్ పోర్టు అంచున జొన్నగింజంత ఉండే ఆ దీపం తనకు తెలియని సంగతి ఏనాడూ చెప్పదు. దానికి ఎంత తెలుసో మనం తెలుసుకుంటే చాలు.

కేబుల్ గుచ్చగానే లైటు వెలిగిందంటే అవతలి పరికరం మాట ఇవతలికి వినపడిందని. 1990లో మెలితిప్పిన రాగి తీగల మీద సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్నెట్‌కు ప్రమాణం వచ్చింది. అందులో డేటా లేని వేళ తీగ మీద ఏమీ ఉండదు. మరి ఊరకే ఉన్న తీగకూ తెగిపోయిన తీగకూ తేడా ఎలా తెలియాలి? అందుకని, పంపడానికేమీ లేకపోయినా సుమారు 16 మిల్లీసెకన్లకోసారి ఒక చిన్న పల్స్ పంపాలని నియమం పెట్టారు. దాని నిడివి 100 నానోసెకన్లు, అంటే సెకనులో కోటో వంతు. అర్ధరాత్రి వీధిలో గూర్ఖా వేసే ఈల లాంటిదది, మేలుకునే ఉన్నానని చెప్పడానికి. ఈల వినపడుతున్నంతసేపూ లైటు వెలుగుతుంది. సెకనులో పదో వంతు అటూ ఇటూగా వినపడకపోతే ఆరిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. పంపే తీగల జత వేరు, అందుకునే జత వేరు. నా వైపు నుంచి పంపే జతలో తీగ తెగినా, అవతలి ఈల నాకు వినపడుతూనే ఉంటుంది గనక నా లైటు నిక్షేపంగా వెలుగుతుంది. అవతల హబ్ మీద ఆరిపోయి ఉంటుంది. హబ్‌ల కాలంలో పని నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ రెండు చివర్లకూ నడిచివెళ్లి చూస్తారు. అది మంచి అలవాటు, పోగొట్టుకోకూడదు.

1995లో 100 మెగాబిట్ల ప్రమాణంతో పాటు ఆటో నెగోషియేషన్ వచ్చింది. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ ఎన్‌వే పేరుతో చేసిన పద్ధతే దీనికి మూలం. ఒంటరి పల్స్ ఉండే చోట 17 నుంచి 33 పల్సుల గుత్తి పెట్టారు. పదిహేడు పల్సులు పాటకు తాళంలా లయ చూపిస్తాయి. వాటి మధ్య ఖాళీలో పల్స్ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అలా 16 బిట్ల కబురు వెళ్తుంది: ఇంత వేగం చేయగలను, ఒకేసారి పంపుతూ వినగలను (ఫుల్ డూప్లెక్స్) అని. అవతలిది తన సంగతి చెప్పి, నీది అందిందని ఒప్పుకోలు బిట్ కూడా పెడుతుంది. ఇద్దరికీ కుదిరిన వాటిలో మెరుగైనది ఖాయమవుతుంది. నాకు బాగా నచ్చేదేమిటంటే, పాత పది మెగాబిట్ల కార్డు ఈ గుత్తిని తనకు తెలిసిన ఈలగానే తీసుకుంటుంది. కొత్తవాటి కోసం పాతవాటిని వీధిలోకి నెట్టని పని అది. ఇంజనీరింగ్‌లో అంతకన్నా మర్యాద నాకు తెలియదు.

అప్పటినుంచి లైటు వెలిగిందంటే ఇద్దరికీ ఒప్పందం కుదిరిందని. ఒక దిక్కు తెగితే ఒప్పందమే చెడుతుంది గనక మామూలుగా రెండు చివర్లా ఆరిపోతుంది.

1999లో రాగి మీద గిగాబిట్ వచ్చాక నాలుగు జతలూ పనిలోకి దిగాయి. కానీ వేగం గురించిన బేరం ఇప్పటికీ రెండు జతల మీదే, అంటే 1-2, 3-6 పిన్నుల మీదే నడుస్తుంది. నీలం జతలో ఒక తీగ సరిగా కూర్చోలేదనుకోండి. రెండు పరికరాలూ గిగాబిట్‌కు తలూపుతాయి, తీరా మొదలుపెడితే ఒక జత పలకదు. మళ్లీ బేరం, మళ్లీ అదే తంతు. కొన్ని చిప్పులు విసిగి 100కు దిగిపోతాయి, అప్పుడు లైటు వేరే రంగులో వెలుగుతుంది. ఏ రంగు ఏ వేగమో కంపెనీని బట్టి మారుతుంది గనక ఆ స్విచ్ మాన్యువల్ చూడాల్సిందే. దీనికి నివారణ మన చేతిలోనే ఉంది. క్రింపింగ్ టూల్ నొక్కే ముందు కనెక్టర్‌ను కంటికి దగ్గరగా పెట్టి మూతి వైపు నుంచి చూడాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ గోడకు ఆనుకుని ఎనిమిది రాగి చుక్కలు వరసగా మెరవాలి. ఏడే మెరిస్తే తీగలు బయటికి లాగి, కత్తిరించి, మళ్లీ మొదలుపెట్టాలి.

లైటు వెలిగినా కేబుల్ చెడ్డదై ఉండొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రంగులను జతల వరసలోనే పేర్చేస్తారు: నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం, గోధుమ. రెండు చివర్లా అలాగే చేస్తే టెస్టర్ మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా చక్కగా వెలుగుతాయి. పోర్టు లైటూ వెలుగుతుంది. కానీ 3, 6 పిన్నులకు వెళ్లిన తీగలు వేర్వేరు మెలికల్లోవి. మెలి తిప్పిందే పక్క జత గోల సోకకుండా ఉండేందుకు కదా, ఆ రక్షణ పోయింది. పెద్ద ఫైలు కాపీ చేస్తే స్విచ్‌లో సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో చెడిపోయిన ప్యాకెట్ల లెక్క, పెరుగుతుంటాయి.

ఇంతకన్నా మోసకారి తగువు డూప్లెక్స్‌ది. ఒక వైపు ఎవరో 100 ఫుల్ అని చేత్తో బిగించేస్తారు, అవతల ఆటోలో ఉంటుంది. ఆటోలో ఉన్నది వేగాన్ని పసిగట్టగలదు, డూప్లెక్స్ సంగతి చెప్పేవాడు లేడు గనక నియమం ప్రకారం హాఫ్, అంటే ఒకసారి ఒకరే పంపే పద్ధతి, తీసుకుంటుంది. రెండు చివర్లా లైట్లు వెలుగుతాయి, పింగ్ వెళ్తుంది, ఫైలు మాత్రం నత్తనడక.

డేటా పోతున్నప్పుడు మిణుకుమిణుకుమనే లైటు మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. 1500 బైట్ల ప్యాకెట్ గిగాబిట్ తీగ మీద సుమారు 12 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. ఆ మెరుపు మన కంటికి ఆనదు. చిప్ దాన్ని కొన్ని పదుల మిల్లీసెకన్ల దాకా సాగదీసి చూపిస్తుంది. కాబట్టి మిణుకులు లెక్కపెట్టి రద్దీ అంచనా వేయలేం. ఈ సాగదీతలో ఇంకో మేలుంది. 2002లో జో లౌరీ, డేవిడ్ అంఫ్రెస్ అనే పరిశోధకులు కొన్ని మోడెమ్‌ల లైట్ల మెరుపుల నుంచే లోపల పోతున్న డేటాను దూరం నుంచి చదవొచ్చని చూపించారు. మెరుపును సాగదీస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఫోన్ చేసిన కుర్రాణ్ని నేను అడిగేవి ఇవే. "ఏ రంగు తమ్ముడూ? అవతల స్విచ్ మీద ఎలా ఉంది?" అక్కడ నారింజ రంగైతే, కొన్ని స్విచ్‌లలో పోర్టు ఇంకా స్పానింగ్ ట్రీ పరీక్షలో, అంటే నెట్‌వర్క్‌లో వలయం ఏర్పడదని చూసుకునే పనిలో, ఉన్నట్టు. దాని రెండు దశలకు పదిహేను, పదిహేను కలిపి ముప్పై సెకన్లు ఆగమంటాను. రెండు వైపులా పచ్చగా ఉంటే తీగను వదిలేసి ఐపీ అడ్రస్ చూడమంటాను. కంప్యూటర్ ఆపేసినా లైటు వెలుగుతోందని కంగారు పడితే, వేక్ ఆన్ ల్యాన్ కోసం, అంటే నెట్‌వర్క్ నుంచే కంప్యూటర్‌ను మేల్కొలిపేందుకు, కార్డుకు కరెంటు అందుతోందని చెబుతాను.

ఈమధ్య లైట్లే లేని అడాప్టర్లు, వెనక్కి తిప్పి దాచేసిన పోర్టులు ఎక్కువవుతున్నాయి. ఇది నాకు బొత్తిగా నచ్చని మార్పు. పోర్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్న మనిషికి, లాగిన్ పాస్‌వర్డ్ అడగకుండా జవాబిచ్చేది ఆ దీపమొక్కటే. ఎవరైనా స్విచ్ కొంటూ సలహా అడిగితే, డబ్బా మీద వేగం చదివే ముందు పోర్టుకు ఎన్ని లైట్లున్నాయో, రాక్‌లో బిగించాక అవి ముందు నుంచి కనబడతాయో లేదో చూడమంటున్నాను.